ఆ నలుగురి నాన్న

2003 జనవరి, హెల్సింకి. సాయంత్రం ఆరు దాటింది. ఇక్కడ సూర్యుడు నాలుగింటికి ముందే వెళ్లిపోయాడు. బూట్ల కింద మంచు కరకరలాడుతోంది. మీ ఎదుట టెన్నిస్‌పలాట్సి. 1952 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు ఆడిన భవనం, ఇప్పుడు పద్నాలుగు తెరల సినిమా హాలు. తలుపు నెట్టి లోపలికి అడుగు పెట్టగానే వెచ్చదనం ముఖానికి తగులుతుంది. తర్వాత కనిపించేది క్యూ.

అంత క్యూ చూసి మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఈ చలికాలంలో ఫిన్లండ్ సినిమా అంటే బయటి ప్రపంచానికి అకి కౌరిస్మాకి. ఆయన సినిమా కిందటేడు కాన్ చిత్రోత్సవంలో గ్రాన్ ప్రి గెలిచింది. కానీ ఈ క్యూ ఆయన కోసం కాదు. తెర మీదికి రాబోయేది నలుగురు అన్నదమ్ములు, వాళ్లతో పాటు ఒక ముసలాయన. సినిమా పేరు ‘పహత్ పొయత్’, అంటే చెడ్డ కుర్రాళ్లు. దర్శకుడు అలెక్సి మాకెలా, నిర్మాత మార్కుస్ సెలిన్. నాలుగేళ్ల కిందట ‘హాయుత్’తో హాళ్లు నింపిన జంట.

క్యూలో మీ ముందు ఇద్దరు కుర్రాళ్లు. చేతుల్లో విడి మిఠాయిల సంచి, అందులో సగం ఉప్పు కలిసిన నల్లటి అతిమధురం బిళ్లలు. వాళ్లకు కావలసింది కార్లు, పోలీసులు, పగలగొట్టిన పెట్రోల్ బంకులు. మీ వెనక ఇద్దరు అమ్మాయిలు. టీవీ సీరియల్ ‘సలాతుత్ ఎలామాత్’లో చూసిన యాస్పర్ పాక్కొనెన్ చిన్న తమ్ముడిగా వేశాడని వచ్చారు. వాళ్ల పక్కన అరవై దాటిన దంపతులు. వాళ్లు వచ్చింది వెస-మత్తి లోయిరి కోసం.

ఈ లోయిరి ఎవరో తెలియకపోతే హాల్లో జరగబోయేది అర్థం కాదు. 1973 నుంచి సినిమాల్లో ఆయన ఊనో తుర్హపురో. చిరిగిన వల బనియను, ఊడిన పళ్లు, మామగారి డబ్బు మీద తిని పడుకునే సోమరి. ఆ వేషాన్ని ఫిన్లండ్ ఎంత ప్రేమించిందంటే, ఊనో సైన్యంలోకి వెళ్లే 1984 నాటి సినిమాను ఏడు లక్షలకు పైగా జనం చూశారు. అదే మనిషి ఎయినో లేయినో కవితలు పాడితే ఇళ్లలో పెద్దవాళ్లు పని ఆపి వింటారు. దేశంలో అందరి నవ్వూ ఆ ముఖంలోనే దాగుందనుకోండి.

దీపాలు ఆరాయి. టికెట్టు మీద సీటు నంబరు ఉంది కాబట్టి తోపులాట లేదు. కోట్లన్నీ ఒళ్లోనే. తెర కింద స్వీడిష్ అక్షరాలు పరిగెడుతున్నాయి.

కథ అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. ఫిన్లండ్‌లో మనిషి లేని బంకులు మామూలు. ఆ రోజుల్లో రాత్రి ఏ వేళకైనా వచ్చి, మెషీన్‌లో నోటు పెట్టి, పంపు నంబరు నొక్కి, నింపుకుని పోయేవారు. నోట్లన్నీ ఉక్కు పెట్టెలో పడేవి. చుట్టూ అడవి, చీకటి. 1990ల్లో పశ్చిమాన సతకుంత ప్రాంతంలోని ఎవురా ఊరి అన్నదమ్ములు ఆ పెట్టెల మీద పడ్డారు. పత్రికలు వాళ్లకు ‘ఎవురా డాల్టన్లు’ అని పేరు పెట్టాయి. లక్కీ లూక్ కామిక్స్‌లో చారల బట్టలతో జైలు నుంచి పారిపోయే ఆ నలుగురి పేరు. తెర మీద ఇంటిపేరు మారింది, టక్కునెన్. ఒట్టో, మత్తి, ఇల్క, ఏరో. పెద్దవాడు పీటర్ ఫ్రాన్సెన్.

లోయిరి కనపడగానే మీ ముందు వరసలో ఎవరో నవ్వారు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఈయన ఊనో కాదు, కొడుకులను కొట్టే తండ్రి. అదే గొంతు, అదే భారీ శరీరం. కానీ ఆ శరీరం గదిలోకి వస్తే ఎదిగిన కొడుకులు కూడా చిన్నపిల్లలై పోతారు. మిఠాయి సంచి చప్పుడు ఆగింది. పక్క సీట్లోని పెద్దాయన చేతులు కోటు మీద బిగుసుకున్నాయి. ఫిన్లండ్‌లో పిల్లల మీద చెయ్యి చేసుకోవడం 1984 నుంచి చట్టవిరుద్ధం. స్వీడన్ తర్వాత ఆ మాట చట్టంలో రాసుకున్న రెండో దేశం ఇది. ఈ హాల్లో సగంమంది అంతకు ముందు పుట్టినవాళ్లు. తెర మీద చెయ్యి ఎత్తకముందే దెబ్బ చప్పుడు వాళ్లకు తెలుసు.

సినిమా అయిపోయింది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. ఇక్కడ అది అగౌరవం కాదు. లేచి కోట్లు తొడుక్కుంటారు. మాటలు మెట్ల దగ్గర మొదలవుతాయి.

చెవి పెట్టండి. కుర్రాళ్లలో ఒకడు, “మనవాళ్లు కూడా ఇలా తీయగలరని అనుకోలేదు” అంటున్నాడు. రెండోవాడికి నచ్చలేదు. అమెరికా సినిమాను చూసి తీసిన చోట్ల ఇది మనదిలా లేదంటాడు. “మాటలు సగం వినపడలేదు” అని ఒకావిడ విసుక్కుంటోంది. ఫిన్నిష్ సినిమా మీద ఆ దేశం ఎప్పుడూ చేసే ఫిర్యాదే. అమ్మాయిల్లో ఒకరి కళ్లు ఎర్రగా ఉన్నాయి. తను యాస్పర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ట్రాములో ఇంకో వాదన. కంబళి టోపీ పెట్టుకున్న నడివయసాయన గట్టిగా అంటున్నాడు: “దొంగలను వీరులను చేశారు. 1994లో ఈ దేశంలో పని కావలసిన ఆరుగురిలో ఒకరికి పని లేదు. వాళ్లంతా బంకులు పగలగొట్టారా?” ఎదురుగా కూర్చున్నావిడ నెమ్మదిగా జవాబు చెప్పింది. ఆ ఇంట్లో పెరిగినవాడికీ ఉద్యోగం పోయినవాడికీ పోలిక ఏమిటని. ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయింది, వాదన మాత్రం తెగలేదు.

నేను ఆవిడ వైపు. అయినా ఆయన మాటలో న్యాయం లేదనను. బంకు పగిలే దృశ్యాల్లో సంగీతం ఉత్సాహంగా పరిగెడుతుంది, కెమెరా ఆ కుర్రాళ్లతో ప్రేమలో పడుతుంది. మర్నాడు పొద్దున ఆ బంకుకు వచ్చి చూసుకునే యజమాని మీద మాత్రం ఎక్కువసేపు నిలవదు. ఇది ఈ సినిమాలో నిజమైన లోపం.

మరొక ఫిర్యాదు ఎవురా నుంచి వస్తే కాదనలేం. ఆ ఊళ్లో లుయిస్తరి అనే చోట సుమారు 1,300 ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన కంచు నగల ఆధారంగా వెయ్యేళ్ల నాటి స్త్రీ దుస్తులను తిరిగి కుట్టారు కూడా. అంత చరిత్ర ఉన్న ఊరిని దేశమంతా ఒక దొంగల ఇంటి పేరుతో గుర్తు పెట్టుకుంటే ఎవరికైనా కష్టమే. పైగా సినిమా మీద ‘నిజమైన కథ’ అన్న ముద్ర. నిజంగా బతికి ఉన్న మనుషుల కథను తీసుకుని మలుపులు కల్పించినప్పుడు ఆ ముద్ర వేయడం నాకు సమ్మతం కాదు.

అయినా క్యూ తగ్గలేదు. 52 లక్షల జనాభా ఉన్న దేశంలో ఆరు లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మరుసటి ఏడాది ఫిన్లండ్ సినిమా అవార్డు యూస్సి, ఉత్తమ నటుడి విభాగంలో, తండ్రి పాత్రకే వచ్చింది. కార్ల కోసం వచ్చినవాళ్లు కూడా ఇంటికి వెళ్తూ తండ్రి గురించే మాట్లాడుకున్నారంటే, ఆ అవార్డు ప్రేక్షకులు ముందే ఇచ్చేశారన్నమాట.

ఇప్పుడు ఈ సినిమా దగ్గరికి జనం వేరే దారిలో వస్తున్నారు. ‘వైకింగ్స్’ సీరియల్లో అన్నదమ్ములు హరాల్డ్, హాఫ్డన్‌లుగా వేసింది ఇదే ఫ్రాన్సెన్, ఇదే పాక్కొనెన్. వాళ్ల పాత సినిమా ఏదని వెతుకుతూ కుర్రకారు దీన్ని చేరుతున్నారు. 2022 ఆగస్టులో లోయిరి పోయారు. ఆయన్ను ఊనోగా మాత్రమే ఎరిగినవాళ్లకు ఈ తండ్రి ఇప్పటికీ దెబ్బలాగే తగులుతాడు.

దొరికితే చూడండి. ఛేజులు పాతబడ్డాయి, ‘నిజమైన కథ’ అన్న మాటను పూర్తిగా నమ్మవద్దు. కానీ తండ్రీ కొడుకులు ఒకే గదిలో ఉన్న దృశ్యాలను మాత్రం పక్కన ఎవరితోనూ మాట్లాడకుండా చూడండి. ఇరవై ఏళ్లు దాటినా వాటి బలం తగ్గలేదు.