రోగి కన్నా ముందు దొరికిన రోగం

1907లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో రైలు మార్గం వేస్తున్న కూలీలు మలేరియాతో మంచాన పడుతున్నారు. వాళ్ల కోసం రియోలోని వైద్య శాస్త్రవేత్త ఒస్వాల్దో క్రూజ్ తన శిష్యుడైన యువ వైద్యుడు కార్లోస్ చాగస్‌ను లాసాన్స్ అనే పల్లెకు పంపాడు. ఒక రైలు పెట్టే చాగస్‌కు ఇల్లూ, ప్రయోగశాలా.

మలేరియా పనిలో ఉండగానే ఆయన అక్కడి మార్మోసెట్ కోతుల రక్తంలో ట్రిపనోసోమా అనే పరాన్నజీవిని గమనించాడు. ఇంతలో ఒక రైల్వే ఇంజనీరు పురుగొకటి తెచ్చి చూపించాడు. నల్లికి చుట్టమే గానీ అంగుళం పొడవుంటుంది. పగలంతా మట్టిగోడల పగుళ్లలో నక్కి, దీపం ఆర్పగానే బయటికొచ్చి నిద్రపోయేవాళ్ల మొహం మీద రక్తం తాగుతుంది. దాని పేగు చివర చాగస్‌కు తోకలున్న సూక్ష్మజీవులు కనిపించాయి. ఇవి కోతుల్లో చూసినవేనా, వేరేవా? లాసాన్స్ కోతులకు ముందే పాత పరాన్నజీవి ఉండొచ్చు కాబట్టి అక్కడ తేల్చలేడు. పురుగుల్ని రియోకు పంపాడు. క్రూజ్ వాటిచేత ఏ రోగమూ లేని కోతుల్ని కుట్టించాడు. కొన్ని వారాలకు ఒక కోతి జబ్బుపడింది. దాని రక్తంలో ఉన్నది కొత్త జీవి. గురువు పేరు మీద దానికి ట్రిపనోసోమా క్రూజై అని పేరు పెట్టాడు చాగస్.

ఇక ఇళ్లల్లో వెతుకులాట. అదే జీవి మొదట ఒక పిల్లి రక్తంలో దొరికింది. 1909 ఏప్రిల్ 14న జ్వరంతో ఉన్న రెండేళ్ల పాప బెరెనీస్ రక్తంలో కనిపించింది. పురుగు, పరాన్నజీవి, జంతువు, ఆ తర్వాతే మనిషి! వైద్య చరిత్రలో ఇంత తలకిందులుగా సాగిన శోధన అరుదు.

నా దృష్టిలో అంతకన్నా గొప్ప అడుగు 1912లో పడింది. చాగస్ అదే పరాన్నజీవిని ఆర్మడిల్లో అనే అడవి జంతువులో, దాని బొరియలోని పురుగులో పట్టుకున్నాడు. అంటే ఇది ఇళ్లలో పుట్టిన రోగం కాదు. అడవి జంతువుల మధ్య ఎప్పటినుంచో తిరుగుతున్నదానికి మట్టిగోడ మరో బొరియ అయింది.

ఆ తర్వాత నూటికి పైగా క్షీరద జాతుల్లో ఇది బయటపడింది. పక్షులకు మాత్రం సోకదు. వీటన్నిటిలో ఒపోసమ్ అనే సంచి జంతువు కథ వేరు. పరాన్నజీవి దాని రక్తంలో ఉండటమే కాక, తోక కింది వాసన గ్రంథుల్లోనూ పెరుగుతుందని 1984లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు చూపించారు. మామూలుగా పురుగు పేగులో కనిపించే రూపాలే ఆ గ్రంథుల్లోనూ ఉన్నాయి. అంటే పురుగు చేసే పని ఒపోసమ్ కూడా చేయగలదేమో.

2005లో శాంతా కతరీనా రాష్ట్రంలో రోడ్డు పక్క ఈ పరాన్నజీవితో కలుషితమైన చెరకు రసం తాగినవాళ్లు ఈ రోగంతో పడిపోయారు, కొందరు చనిపోయారు. మరుసటి ఏడాదే, ఇళ్లలో ఉండే ప్రధాన పురుగు ద్వారా వ్యాప్తి ఆగిందని బ్రెజిల్‌కు ధ్రువపత్రం వచ్చింది. గోడల్లోని పురుగుల్ని మందు కొట్టి చంపగలిగారు. అడవిలోని ఆర్మడిల్లోలకూ ఒపోసమ్‌లకూ మందు కొట్టలేరు.