నానో వెండి: లెక్క తేలనప్పుడు ముప్పును అంచనా వేసేదెలా?

సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడ బట్టల అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు పేరుపొందింది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు సహా ఎన్నో కార్మిక కుటుంబాలకు సూరత్ వస్త్ర పరిశ్రమే జీవనాధారం. ఇలాంటి చోట, చెమట వాసన రాకుండా బట్టకు నానో వెండి పూత వేస్తే మిల్లు మురుగునీటితో పర్యావరణానికి ఎంత ముప్పు? ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం.

ఎందుకు తేలదు?

సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే కణాలను నానో పదార్థాలు అంటారు. బరువు ఒకటే అయినా పరిమాణం, ఆకారం, పైపూత మారితే వాటి ప్రభావం మారుతుంది. పైగా నీటిలో చేరిన వెండి కణం అలాగే ఉండిపోదు. కొంత కరుగుతుంది, కొంత గుంపుకడుతుంది. శుద్ధి కేంద్రంలో చాలావరకు గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలో చేరుతుంది. దాని విషప్రభావం తక్కువే. అయితే నీటికి ముప్పు తగ్గినా, ఆ బురద ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మిగులుతుంది.

అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో నానో వెండి సాక్సులను పరీక్షించారు. కొన్ని రకాల నుంచి నాలుగు ఉతుకులకే దాదాపు వెండి అంతా పోయింది. మరికొన్నింటి నుంచి నామమాత్రంగానే పోయింది. అంటే తయారీ పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది.

అనిశ్చితితో లెక్క

అనిశ్చితి రెండు రకాలు. మిల్లుకూ మిల్లుకూ, రోజుకూ రోజుకూ సహజంగా ఉండే తేడా ఒకటి. ఎన్ని కొలతలు తీసినా అది పోదు. రెండోది సమాచారం లేకపోవడం. కొలిస్తే అది తగ్గుతుంది. రెండింటినీ కలిపేస్తే ఎక్కడ డబ్బు పెట్టి కొలవాలో తెలియదు.

అందుకే స్విట్జర్లాండ్ పరిశోధకులు 2009లో మాంటె కార్లో పద్ధతి వాడారు. ఒక్కో అంశానికి ఒకే విలువ కాకుండా, సాధ్యమైన విలువల శ్రేణి ఇచ్చి వేలసార్లు లెక్కించడమే ఈ పద్ధతి. నీటిలో ఉండగల మోతాదును, జీవులకు హాని చేయని మోతాదుతో భాగిస్తారు. వచ్చిన శ్రేణి మొత్తం 1 కంటే తక్కువైతే ఆందోళన తక్కువ. మొత్తం ఎక్కువైతే చర్య తీసుకోవాలి. 1కి అటూ ఇటూ ఉంటే, ఆ శ్రేణిని అన్నిటికంటే వెడల్పు చేస్తున్న అంశాన్ని ముందు కొలవాలి.

భారత్‌లో 2016 నాటి వస్త్ర పరిశ్రమ వ్యర్థజలాల ప్రమాణాల్లో బీఓడీ, క్రోమియం, సల్ఫైడ్ వంటివి ఉన్నాయి. నానో కణాలకు విడిగా పరిమితి లేదు. అందువల్ల ఏ మిల్లు నీరైనా ప్రమాణాలకు లోబడి ఉందంటే, నానో ముప్పు లేదని తేలినట్టు కాదు. దాన్ని ఇంకా ఎవరూ కొలవలేదనే అర్థం కావచ్చు.