కొమ్మకు కొమ్మిస్తే

పలక మీద గుణింతం దిద్దినవాళ్లందరికీ ఈ పాఠం కంఠతా వచ్చు. కకు తలకట్టిస్తే క, గుడిస్తే కి, కొమ్మిస్తే కు. అక్షరానికి కొమ్ము ‘ఇస్తాం’. ఇచ్చాక అది అక్షరం పక్కన మొలిచినట్టు నిలబడుతుంది. ఇప్పుడు ‘కొమ్మ’ అని రాసి, చివరి అక్షరానికి ఒక కొమ్మివ్వండి. ‘కొమ్ము’ అవుతుంది. చెట్టు మీదున్నది జంతువు తలమీదికొచ్చింది. నాకు తెలిసి తెలుగు లిపిలో ఇంత ముచ్చటైన సంగతి ఇంకొకటి లేదు.

ఇది లిపి చేసిన చమత్కారం మాత్రమే కాదు. కొమ్మ, కొమ్ము నిజంగానే తోబుట్టువులు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండింటినీ ఒకే పద్దులో ఉంచింది. తమిళంలో రెండింటికీ ఒకటే మాట, కొంబు. చెట్టుకున్నా కొంబే, ఎద్దుకున్నా కొంబే, ఏనుగుకున్నా కొంబే. తమిళ సరిహద్దు దగ్గరి నగరి, పుత్తూరు సంతల్లో ఈ మాట రోజూ చెవిన పడుతుంది. కన్నడంలో కొమ్మ కొంబె, కొమ్ము కొంబు, ఉకార గుర్తుకు మనలాగే కొంబు అనే పేరే పెట్టుకుంది. తమిళులు మాత్రం ఎకార గుర్తును కొంబు అంటారు, దాన్ని అక్షరానికి ముందు రాస్తారు. మూడు భాషలూ అక్షరాన్ని చూసి తలను, తలమీద మొలిచినదాన్ని తలచుకున్నాయి. తెలుగు, కన్నడం ఒక అడుగు ముందుకేసి, చివరి అచ్చును మార్చి చెట్టును ఒకవైపు, పశువును ఒకవైపు నిలిపాయి.  

ఇంతకీ కొమ్ము అంటే ఏమిటి? పదార్థమా, ఆకారమా? మన వాడుకే జవాబు చెబుతుంది. పసుపు మొక్కను పెరికితే మధ్యలో గుండ్రంగా ఉండేది దుంప, దాని ఒంటినుంచి పక్కకు సాగినవి కొమ్ములు. పెళ్లిలో తాళిబొట్టు వేళకు అందకపోతే పసుపుతాడుకు కట్టేది ఆ కొమ్మునే. ఎండిన అల్లం శొంఠికొమ్ము. చెరువుకట్ట చివర కట్టకొమ్ము. తెలంగాణలో కట్టకొమ్ముగూడెం అని ఊరే ఉంది. నెలవంకకు రెండు కొమ్ములు, పంచాంగకర్తలు వాటి ఎత్తుపల్లాల లెక్కకు శృంగోన్నతి అని పేరుపెట్టారు. పాత తెలుగులో దంతాలున్న మగ ఏనుగు కొమ్ముటేనుగు. జాతరలో ఊదే వంకర బాజా కొమ్ము. ఒకప్పుడు పశువు కొమ్మే, తర్వాత ఇత్తడిదైంది, పేరు మాత్రం మారలేదు. ఎముక, గోరు, పన్ను, దుంప, మట్టి, వెలుగు, లోహం. ఇన్నిటికీ ఒకే పేరు ఎలా కుదిరింది? కొమ్ము పదార్థం పేరు కాదు. ఒంటినుంచి బయటికి పొడుచుకొచ్చి మొన తేలినదాని పేరు. మొలవడమనే పనిని మన పూర్వులు పేరుగా మార్చుకున్నారు.

‘ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి’ అన్న సామెతలోనూ ఉన్నది ఈ మొలకే. దూడకు చెవులు పుట్టుకతో ఉంటాయి, కొమ్ములు నెలలు గడిచాక వస్తాయి. పశువుల దగ్గర మసలినవాళ్లు చూసి కట్టిన మాట అది. ‘కొమ్ములు తిరిగిన పండితుడు’ అన్నప్పుడు కూడా వయసొచ్చిన పొట్టేలు కళ్లముందు నిలవాలి. దాని కొమ్ము ఏటికేడు పెరుగుతూ మెలి తిరుగుతుంది, ఎన్నేళ్ల పెరుగుదలో ఆ మెలికల్లో కనబడుతుంది.

ఇక్కడొక చిక్కుంది. పొట్టేలు కొమ్ము, దుప్పి కొమ్ము ఒకటి కావు. పొట్టేలు, ఎద్దు, ఎనుము, ఇర్రి వీటి కొమ్ముకు లోపల ఎముక గూటం, పైన గోటి పదార్థపు తొడుగు ఉంటాయి. బతికున్నంతకాలం అదే కొమ్ము, విరిగితే మళ్లీ రాదు. దుప్పి, కణితి కొమ్ము అచ్చంగా ఎముకే. మగదానికే వస్తుంది, ఏటా రాలిపోయి కొత్తది మొలుస్తుంది. ఇంగ్లీషు ఈ రెంటికీ హార్న్, యాంట్లర్ అని వేరే మాటలు పెట్టుకుంది. మన పాఠ్యపుస్తకాలు వాటిని చూసి తెలుగుకేదో లోటున్నట్టు సంస్కృత సమాసాలు కడుతున్నాయి. ఆ అవసరం లేదని నా గట్టి నమ్మకం. కారణం చెప్పేముందు దుప్పిని కాస్త దగ్గరగా చూడాలి.

తిరుపతిలో కొండవార కాపురమున్నవాళ్లకు దుప్పి పరాయిది కాదు. విశ్వవిద్యాలయాల ఆవరణల్లోకి, గోడ దూకగలిగిన చోట పెరళ్లలోకి చుక్కల దుప్పులు దిగివస్తాయి. మా పెరటి గోడ అవతల ఉన్నది శేషాచలం వాలే. వేసవిలో రాలిన వేపపూత కోసం, చింతచిగురు కోసం తెల్లవారకముందే వస్తాయి. దీపం వెయ్యకుండా కిటికీ దగ్గర నిలబడితే చాలు. ఒక పోతుకు కొమ్ములు నూగుతో ఉంటాయి: బొద్దుగా, మొన గుండ్రంగా, గోధుమరంగు తోలు కప్పుకుని. ఆ తోలులో నెత్తురు పారుతుంది, తాకితే వెచ్చగా ఉండే ఎముక అది. అప్పుడు దుప్పి తల జాగ్రత్తగా వంచుతుంది, కంపకు తగలనివ్వదు. పెరుగుదల ముగిశాక తోలు ఎండి పేలికలై వేలాడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి చెట్టుకు రుద్దుతుంది. మా వేపమాను మీద మనిషి నడుమెత్తున బెరడు లేచిపోయి, లోపలి చెక్క నున్నగా బయటపడింది. కొమ్ము మొదట్లో ముందుకొక కొన, పైన చీలి రెండు కొనలు, పక్కకు మూడు. చుక్కల దుప్పులన్నీ ఒకే నెలలో రాల్చవు కాబట్టి, ఒకే మందలో నూగుకొమ్ముదీ గట్టికొమ్ముదీ బోడితలదీ పక్కపక్కనే మేస్తుంటాయి.

ఇలా చూస్తుంటే కొమ్మకూ కొమ్ముకూ ఉన్న చుట్టరికం కళ్లకు కడుతుంది. ఎద్దు కొమ్ము చీలదు, దుప్పి కొమ్ము కొమ్మలాగే చీలుతుంది. ఎద్దు కొమ్ము విరుగుతుంది. దుప్పి కొమ్ము రాలుతుంది. అడవి పక్క ఊళ్లలో ‘రాలిన కొమ్ము’ అనే అంటారు. ఆకుకూ పండుకూ వాడే క్రియ అది. పండు తొడిమ దగ్గర వదులైనట్టే కొమ్ము మొదట్లో ఎముక పలుచబడి ఊడి పడుతుంది. శరీరశాస్త్రం రెండు నామవాచకాలతో చెప్పేదాన్ని తెలుగు రెండు క్రియలతో చెప్పింది. ముందు జంతువు పేరు పెట్టి ‘దుప్పి కొమ్ము’ అన్నామంటే చాలు, ఆ అడవి తెలిసినవాడికి అది ఎముకనీ రాలేదనీ చీలేదనీ వేరే చెప్పనక్కర్లేదు.

రాలినదేమవుతుంది? నేలమీద ఎన్నాళ్లో ఉండదు. ఏదుపందులు కొరుకుతాయి. పళ్లు అరగదీసుకోవడానికీ సున్నం కోసమూ కూడా. దుప్పులే తమ కొమ్ములను నమలడం ఉంది. పాతరోజుల్లో మనుషులూ ఏరుకొచ్చేవారు. దుప్పి కొమ్ము ముక్కను సానరాయి మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని గుండెనొప్పి అన్నచోట పట్టువేసేవారు. ఆయుర్వేదంలో దాన్ని కాల్చి చేసే శృంగభస్మం ఉంది. కత్తికి కొమ్ముపిడి వేస్తే చేయి చెమర్చినా జారదనేవారు. దివాణాల్లో, దొరల బంగళాల్లో గోడకు తగిలించినవి మాత్రం రాలినవి కావు, వేటలో కొట్టినవి. పుర్రెతో సహా ఉంటే కొట్టినదనే అర్థం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. 1989లో శేషాచలంలో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది. అక్కడ రాలిన కొమ్మును సైతం ఏరి ఇంటికి తెచ్చుకోకూడదు, అమ్మకూడదు. కొందరికి ఇది అతిగా తోచవచ్చు. నాకు సబబుగానే ఉంది. రాలినదానికి ధర కడితే, రాలేదాకా ఆగేవాడుండడు.

కొమ్మును చెక్కే పని ఈ నేలకు చాలా పాతది. రేణిగుంట దగ్గర పురావస్తువేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1960లలో ఎగువ పాతరాతియుగపు పనిముట్లను గుర్తించారు. సన్నటి పొడుగాటి రాతి పెచ్చులు, వాటితోపాటు బ్యూరిన్లు. బ్యూరిన్ అంటే మొన ఉలిలా కోసుగా తీర్చిన రాయి. ఎముకలో, కొమ్ములో గాడి తీయడానికి వాడేదని పురావస్తువేత్తల భావన. అంటే రేణిగుంటలో దొరికింది ఉలి. చెక్కిన వస్తువు దొరకాలంటే సున్నపురాతి గుహల దాకా, కర్నూలు వైపు వెళ్లాలి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపి ఎముక పనిముట్లు బయటికి తీశారు. మళ్లీ 1970లలో ముచ్చట్ల చింతమాను గవిలో మూర్తి తవ్వినప్పుడు రాతివాటికన్నా ఎముకవే ఎక్కువగా వచ్చాయి. రేణిగుంట ఆరుబయట ఎముక నిలవలేదు. గుహ దాన్ని దాచింది. రైల్వే జంక్షనుగా, విమానాశ్రయంగా మనం ఎరిగిన ఊరికి ఈ ఉలి ఉందని మన పిల్లల్లో ఎందరికి చెప్పాం?

తెలుగునాట కొమ్ముపని నగిషీగా ఎదిగింది విశాఖపట్నంలో. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో అక్కడి పనివాళ్లు గంధపుచెక్క పెట్టెల మీద దంతం, దుప్పి కొమ్ము, ఎనుము కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముళ్లు పొదిగి కుట్టుపెట్టెలు, రాతబల్లలు చేశారు. అవి ఇప్పటికీ ఇంగ్లండు వేలంపాటల్లో విశాఖ పేరుతోనే చేతులు మారుతుంటాయి. మన వైపు ఆ పని లేదు. శ్రీకాళహస్తి పక్క మాధవమాలలో ఉలి చెక్కకే అంకితం. కానీ బతికున్న కొమ్మును చెక్కే విద్య ఒకటి చిత్తూరు పల్లెల్లో ఉంది, దాన్ని ఎవరూ కళల జాబితాలో రాయలేదు.

కనుమనాడు, మా వైపు పసువుల పండగనాడు, ఎద్దుల కొమ్ములు ‘చెలుగుతారు’. పదునైన కత్తితో, మొదటినుంచి మొనదాకా ఒకే ఒరవడిలో, పైపొర లేచేట్టు. సన్నటి చుట్టలు రాలుతుంటే కింద నల్లగా మెరిసే కొమ్ము బయటపడుతుంది. లోతుగా వెళితే లోపలి గూటం దెబ్బతిని నెత్తురొస్తుంది. కత్తి పట్టినవాడి చేతికి ఆ అంచు తెలియాలి. తర్వాత రంగు, మంచి కోడెలైతే మొనలకు ఇత్తడి కుప్పెలు. చంద్రగిరి వైపు రంగంపేటలో ఆ కొమ్ములకే దేవుళ్ల బొమ్మలున్న చెక్కపలకలు కట్టి వదులుతారు, కుర్రవాళ్లు వాటికోసం ఎగబడతారు. సాయంత్రం కంప పోగేసి మంటపెట్టే చిట్లాకుప్ప దగ్గర పూజ కాటమరాజుకు. ఆ కాటమరాజు కథ చెప్పేవాళ్లను కొమ్ములవారు అంటారు, కొమ్ము ఊదుతూ చెబుతారు గనక. పసువులను కాచి, మేతబీళ్ల కోసం నల్లసిద్ధితో పోరాడిన వీరుడి కథను పసువు కొమ్మే ఊరికి వినిపించింది. ‘చెలగడం’ అన్న ఈ అర్థం చాలామంది పట్నవాసులకు తెలియదు. ట్రాక్టరొచ్చి ఎద్దు వెళ్లిన ఊళ్లో క్రియకు పనిలేకుండా పోతోంది. ఒక మాట పోవడమంటే ఇదే.

లేని కొమ్ములకు మాత్రం మన దగ్గర కొరత రాలేదు. తర్కశాస్త్రం అసంభవానికి ఉదాహరణగా చూపే శశవిషాణం, భర్తృహరిని తెలుగుచేసిన ఏనుగు లక్ష్మణకవి దగ్గర కుందేటి కొమ్మైంది. సంతల్లో రహస్యంగా చేతులు మారే నక్కకొమ్ము ఇంకొకటి. నక్కకు కొమ్ముండదు. వెంట్రుకలున్న తోలును కొమ్ములా మలిచి, ఇంట్లో ఉంటే అదృష్టమని అమ్ముతారు. దానికోసం నక్క చచ్చిపోతుంది. లేని వస్తువుకు పేరుండడం వల్ల ఉన్న జంతువుకు ప్రాణం మీదికొస్తున్నది.

ఉన్న జంతువులకేమో పేర్లు పోతున్నాయి. నా బాధంతా ఇక్కడే ఉంది. పత్రికల్లో ఇప్పుడు అన్నీ జింకలే. చుక్కల దుప్పి జింక, కణితి జింక, మెలితిరిగిన కొమ్ములతో రోళ్లపాడు మెట్టల్లో గెంతే ఇర్రి, దాని ఆడది లేడి, అన్నీ జింకలే. రాష్ట్ర జంతువైన కృష్ణజింకకే ఇర్రి అని పేరుందని చెబితే పిల్లలు కొత్త మాట నేర్పినట్టు చూస్తారు. శేషాచలంలో నాలుగు కొమ్ములున్న కొండగొర్రె ఉంది, ముందు జత చిన్నది, వెనక జత పెద్దది. దాని ఫొటో కింద కూడా ‘అరుదైన జింక’ అని రాసి సరిపెట్టారు. పేరు ఇలా చెరిపేస్తే కొమ్ము అన్న మాట కుంటుతుంది. ‘జింక కొమ్ము’ అంటే రాలేదో రాలనిదో, ఎముకో గోరో తేలదు. ‘ఇర్రి కొమ్ము’ అంటే తేలుతుంది. మన భాష ఈ భేదాన్ని జంతువు పేరులో దాచుకుంది.

ఊళ్లు ఇంకా కొన్ని పేర్లు దాచి ఉంచాయి. హార్సిలీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కాళహస్తి వేటగాడు కన్నప్పను పాల్కురికి సోమనాథుడు ఉడుమూరి కన్నప్ప అన్నాడు, ఊరి పేరులోనే ఉడుముంది. మదనపల్లె, పలమనేరు, భాకరాపేట అడవుల అంచున పశువులు కాచిన ముసలివాళ్లను అడిగితే కణితికీ దుప్పికీ తేడా అడుగుజాడలోనే చెబుతారు. కణితి కొమ్ము గరుకు, లావు. దుప్పిది నున్నన, వంపు తిరిగి ఉంటుంది. అడవిశాఖ వాళ్లు దారిపొడుగునా పెట్టే బోర్డుల మీద ఇంగ్లీషు పేరు పక్కన జింక అని కాకుండా ఈ పేర్లు రాయిస్తే బాగుంటుంది. తిరుమల మెట్లదారిలో జింకల పార్కు దగ్గర రోజూ వేలమంది ఆగి చూస్తారు. కంచె అవతల నిలబడేది చుక్కల దుప్పి. మొదటి బోర్డు అక్కడే పెట్టొచ్చు.