ధమనీ మూత్రనాళ ఫిస్టులా

మూత్రపిండమునుండి మూత్రాశయమునకు దిగు మూత్రనాళము, కటికుహరపు అంచున ఇలియాక్ ధమనికి ముందువైపున, ఇంచుమించు దాని నానుకొనియే దాటిపోవును. ఆ కూడలియందు రెండింటి గోడలును శిథిలములై, ధమనీరక్తము మూత్రమార్గమున ప్రవేశించుటకు ద్వార మేర్పడినచో దానిని ధమనీ మూత్రనాళ ఫిస్టులా యందురు. 1908లో మోష్కోవిట్జ్ అను శస్త్రవైద్యుడు దీనిని తొలుత వర్ణించెను.

ఇది మిక్కిలి అరుదు. కటికుహరమునందలి క్యాన్సరునకు శస్త్రచికిత్సయు రేడియేషనును పొంది, పిమ్మట మూత్రము సాఫీగా దిగుటకై మూత్రనాళమున స్టెంటను గొట్టమును చిరకాలము ధరించినవారియందే ఇది హెచ్చుగా కానవచ్చును. రేడియేషనుచే రక్తప్రసారము సన్నగిల్లి బిగుసుకొనిన కణజాలము, ధమని కొట్టుకొనినప్పుడెల్ల లోపలి స్టెంటుపై ఒరసికొనుచు, క్రమముగా నరిగి తెగును. ధమని యుబ్బుటయు, అచట నమర్చిన కృత్రిమ రక్తనాళమును గూడ కారణములు కావచ్చును.

మూత్రమున రక్తము పడుటయే ప్రధానలక్షణము. అది కొలదిగా కనిపించి తనంతట నాగిపోవుట కలదు. ఈ యాగుటయే మిక్కిలి మోసకరము, ఏలయన స్టెంటు మార్చునప్పుడు అదే రక్తము హఠాత్తుగా ధారకట్టి ప్రాణాంతకము కాగలదు. గడ్డకట్టిన రక్తము ద్వారమును మూసియుండుటచే సీటీ స్కాను, యాంజియోగ్రాము సైతము దీనిని పసిగట్టలేకపోవచ్చును. కావున పూర్వచరిత్ర నెరిగిన వైద్యుని అనుమానమే ఇచట తొలి పరీక్ష.

పూర్వము ఉదరము తెరచి ధమనిని బంధించి, కాలికి వేరొక మార్గమున రక్తము నందించెడివారు. నేడు గజ్జలోని ధమనిగుండా పొరతొడుగు గల స్టెంటును చొప్పించి ద్వారమును లోపలినుండియే మూయుచున్నారు. పిదప అంటుసోకుటయు, మరల రక్తస్రావ మగుటయు సంభవించునుగాన, దీర్ఘకాల పర్యవేక్షణ మావశ్యకము.