స్కానర్ గుచ్చిన క్షణం

1998 ఏప్రిల్ 20. షికాగోలో కామ్‌డెక్స్ కంప్యూటర్ ప్రదర్శన. వేదిక మీద బిల్ గేట్స్, పక్కనే ఆయన సంస్థ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి క్రిస్ కపోసెలా. విండోస్ 98 బజారులోకి రావడానికి ఇంకా రెండు నెలలుంది.

ఆ రోజుల్లో స్కానర్ తగిలించాలంటే చాలాసార్లు కంప్యూటర్ డబ్బా విప్పి కార్డు బిగించాలి, డ్రైవర్ ఫ్లాపీ వెతకాలి, రీస్టార్ట్ చేసి దండం పెట్టుకోవాలి. ఇక వైరు గుచ్చితే చాలు, మిగతాది విండోసే చూసుకుంటుందని చెబుతూ క్రిస్ స్కానర్ యూఎస్‌బీ వైరు గుచ్చాడు. దానికి తగిన డ్రైవర్ ఎలా ఎక్కుతుందో వివరిస్తున్నాడు. ఇంతలో... "వో!"

పెద్ద తెరంతా నీలం. దాని మీద తెల్లక్షరాలు. విండోస్ కూలిపోయింది.

హాలు ఘొల్లున నవ్వింది, చప్పట్లు కూడా. గేట్స్ నవ్వేసి, విండోస్ 98ని ఇంకా అమ్మకానికి పెట్టకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుందన్నాడు. క్రిస్ ఔనన్నాడు. అతని ఉద్యోగానికేం కాలేదు. తర్వాత అదే సంస్థకు చీఫ్ మార్కెటింగ్ ఆఫీసరయ్యాడు.

అసలు కథ తెర వెనక జరిగింది. ల్యాబ్‌లో బాగా పరీక్షించిన స్కానర్ ఒకటి ఉండగా, ఎవరో స్థానిక దుకాణంలో ఇంకొకటి కొనుక్కొచ్చారని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ తర్వాత రాశాడు. అది నిబంధనలు ఒప్పుకునేదానికంటే ఎక్కువ కరెంటు లాగబోయింది. అప్పటి యూఎస్‌బీ నియమం ప్రకారం పరికరం మొదట 100 మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకోవాలి. తన అవసరం చెప్పుకుని ఒప్పించుకున్నాకే 500 దాకా. ఇలాంటి లెక్కలు చూసుకునే డ్రైవర్ పనిచేసేది వ్యవస్థ గర్భంలో. అక్కడ కాలు జారితే యంత్రం మొత్తం కూలుతుంది.

స్విచ్ వేసినప్పుడూ ఇదే తంతు. తగిలించి ఉన్న ప్రతి పరికరాన్నీ విండోస్ పలకరించుకుంటూ వస్తుంది. బూటింగ్ మధ్యలో నీలి తెర పడితే కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేసి చూడాలి. సాఫీగా లేచిందా, ఒక్కొక్కటే తగిలిస్తూ ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి. ఏది గుచ్చగానే కూలిందో దాని డ్రైవర్ మార్చాలి. సొంత అడాప్టర్ ఉన్న హబ్బు మీద అదే పరికరం బుద్ధిగా పనిచేస్తే గొడవ కరెంటుదేనేమో చూడాలి. అన్నీ పీకినా లేవకపోతే, కనీస డ్రైవర్లతోనే లేచే సేఫ్ మోడ్. మన రిపేరు షాపుల్లో కొందరు ఇంత ఓపిక పట్టరు, ఏకంగా విండోస్ మళ్లీ ఎక్కించేస్తారు. దోషి మాత్రం వెనక పోర్టులో అలాగే వేలాడుతుంటుంది.

ఇలాంటి తప్పులు పట్టుకోవడానికే మైక్రోసాఫ్ట్ ల్యాబ్‌లో ఒక తోపుడుబండి ఉండేది. పేరు 'యూఎస్‌బీ కార్ట్ ఆఫ్ డెత్'. రెండంతస్తుల బండి మీద హబ్బులు గొలుసుకట్టుగా కలిపి, ప్రతి రంధ్రంలోనూ ఏదో ఒక పరికరం కుక్కారు. ముందు రెండు కెమెరాలు, వెనక ఓ స్టీరింగు, యాంటెనాగా ఓ రేడియో. చివరికి అరవై పైచిలుకు పరికరాలూ ఒకే యూఎస్‌బీ వైరు కొసకు చేరేవి. బండిని పరీక్షించాల్సిన కంప్యూటర్ దగ్గరికి తోసుకెళ్లి ఆ వైరు గుచ్చేవారు. విండోస్ అన్నింటినీ గుర్తుపట్టేదాకా ఆగేవారు. కూలకుండా నిలబడితే, ఆ వైరును ఉన్నపళంగా పీకేసేవారు.