కత్తి చరిత్రకెక్కె, పెంక పొయ్యికెక్కె

మా ముస్తాబాద్ వైపు పెనాన్ని పెంక అంటాం. ఆడపిల్ల కొత్త కాపురానికి సామాను కొనేటప్పుడు స్టీలు గిన్నెలూ, కుక్కరూ, మిక్సీ ఇట్టే తేలిపోతాయి. పెంక దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో రెండు పక్షాలు లేస్తాయి. “నాన్‌స్టిక్కు కొనవే, అంటుకోదు” అని ఒకరు. “జొన్నరొట్టెకు ఇనుప పెంకే ఉండాలె” అని మరొకరు. నేను ఈ రెండో పక్షం. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. భయపడకండి, రాజులూ యుద్ధాలూ లేని చరిత్రే!

మన ఉత్తర తెలంగాణ ఉక్కు సంగతి మీరు వినే ఉంటారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే దొర నిజామాబాద్ వైపు కోనసముద్రం వచ్చాడు. ఆయన వైద్యుడు, రాళ్ళూ ఖనిజాలూ పరిశీలించే సర్వే ఉద్యోగి కూడా. మట్టి మూసల్లో ఇనుము పెట్టి ఉక్కు చేసే పద్ధతిని చూసి రాసుకున్నాడు. అది ఆయన పోయాక, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారట. కత్తుల కోసమే లెండి. అందుకే అది పుస్తకాలకెక్కింది.

నాకు కావలసింది మూసలోకి పోకముందటి ఇనుము. వాయిసీ చెప్పిన ఇనుములో ఒకటి మెట్‌పల్లిది. కోరుట్ల పక్కనున్న మెట్‌పల్లే! వాగుల్లో దొరికే నల్ల ఇసుకనూ బొగ్గులనూ మట్టి కొలిమిలో వేసి తిత్తులు ఊదేవారు. ఆ వేడికి ఇనుము పూర్తిగా కరగదు. చిట్టెంతో కలిసి ముద్దగా దిగుతుంది. ఆ ముద్దను సమ్మెటతో బాది చిట్టెం వదలగొట్టాలి. ఈ పని చేసిన వాళ్ళకు ముద్ద కమ్మరులని పేరు. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళూ, బెంగుళూరు పరిశోధకులూ కలిసి అప్పటి కరీంనగర్ జిల్లాతో సహా ఈ ప్రాంతమంతా తిరిగి, ఊరూరా మిగిలిన చిట్టెం కుప్పలను నమోదు చేశారు.

ముద్ద ఇనుము కరగదు గనుక పోత పోయడం కుదరదు, సాగగొట్టవలసిందే. మూసలో కరిగేది కదా అంటారేమో. అది చిన్న బిళ్ళంత సరుకు, రొట్టెలు కాల్చుకోవడానికి ఎవరిస్తారు? చైనావాళ్ళకు పోత ఇనుము రెండువేల ఏళ్ళకు పైగా తెలుసు. ఇంగ్లండులో ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోసే పద్ధతికి డార్బీ పేటెంటు తీసుకున్నది 1707లో. పోత ఇనుములో బొగ్గుపాలు ఎక్కువ, నూటికి రెండు పాళ్ళు దాటుతుంది. అందుకే సులువుగా కరుగుతుంది, కింద పడితే పగులుతుంది కూడా. కొట్టిన ఇనుము వంగుతుందే గానీ పగలదు.

ఇక బజారుకు పోదాం. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. రొట్టె తట్టి పెంకమీద వేసి పైన నీళ్ళు తడుపుతాం కదా, ఆ తడికి పలుచటి పెంక చప్పున చల్లబడుతుంది, రొట్టె అట్టముక్క అవుతుంది. మందం పెంక వేడిని దాచుకుంటుంది. పైగా గ్యాసు మంట చక్రంలా ఒక్కచోటే తగులుతుంది, కట్టెల మంటలా పరుచుకోదు. మంటను అంచులదాకా పంచడానికీ మందమే కావాలి. అడుగు చదునుగా ఉండాలి, దుకాణంలోనే నేలమీద పెట్టి చూడండి, ఊగితే వద్దు.

పెంక కాగిందో లేదో నీళ్ళు చిలకరించి చూస్తాం. చుక్క చుయ్యిమని ఇగిరిపోతే చాలలేదు, గోళీలా దొర్లితే బాగా కాగినట్టు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో ఎర్రగా కాలిన ఇనుప గరిటెమీద ఇదే చూసి పుస్తకం రాశాడు. మన అమ్మమ్మలకు రొట్టెలతోనే తెల్లారిపోయె, రాసే తీరికేదీ!

నాన్‌స్టిక్కు పూత 260 డిగ్రీల లోపు వాడకానిది. పెద్ద మంటమీద ఉత్త పెంక కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి దాటుతుంది. సన్నమంటమీద దోసెలకైతే నాకు అభ్యంతరం లేదు. ఇనుప పెంకకు కంపెనీ పూత అక్కర్లేదు. కడిగి ఆరబెట్టి, పలుచగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చడం నాలుగైదుసార్లు చేస్తే నూనే నల్లని పొరై పట్టుకుంటుంది. మొదటి రెండు రొట్టెలు కుక్కకు వేయండి.

పోతదా, కొట్టినదా అంటే, పట్టుకు జారదనుకుంటే పోతదే కొనండి, వేడి బాగా నిలుస్తుంది. నాకు మాత్రం కొట్టినదే ఇష్టం. విదేశీ ఇనుము చౌకగా దిగాక ముద్ద కొలుములు ఆరిపోయాయి. మా కమ్మరి ఇప్పుడు లారీల పాత కమాను పట్టీలతో కొడవళ్ళు చేస్తాడు. పెంక చేసిపెట్టమంటే, “బజార్ల దొరుకుతది గదమ్మా, నాతోని ఎందుకు” అన్నాడు. అడుగు పొట్టలా ఉబ్బిన మా పాత పెంకను మాత్రం కొలిమిలో ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలతో చదును చేసి ఇచ్చాడు.