రద్దీవేళ లెక్క



ఒక కార్యాలయమున 200 మంది ఉద్యోగులు గలరనుకొనుడు. వారు పరస్పరము మాటాడుకొనుటకు ఎన్ని తీగలు వలయును? మనిషికొకటి చొప్పున వేసినచో ధనము వృథా. దినమంతటి సగటు చూచి సరిపెట్టినచో, పని ముమ్మరముగా నున్న గంటలో యంత్రము మొండికెత్తును. నేడు సర్వర్లు నెలకొల్పువారిని వేధించు ప్రశ్నయు నిదియే. దీనికి గణితముతో సమాధానము చెప్పిన మహనీయుడు డెన్మార్కు దేశీయుడగు ఆగ్నర్ క్రారూప్ ఎర్లాంగ్.

ఇతడు 1878లో జట్లండ్ ప్రాంతమున నొక పల్లెలో జన్మించెను. తండ్రి ఆ యూరి బడిపంతులు. ఈ మాట చెప్పునపుడు నా గొంతు కొంచెము హెచ్చినచో మన్నింపుడు. ఎర్లాంగ్ తానును కొన్నియేండ్లు పాఠములు చెప్పి, 1908లో కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో చేరెను. నేలక్రింది తీగలలోని విద్యుత్తును కొలుచుటకై, నిచ్చెన మోయు పనివానిని వెంటబెట్టుకొని నగరవీథులలో తిరిగెడివాడట. గదిలో కూర్చుండి సూత్రములల్లిన పండితుడు గాడని నాకీ విషయము మిక్కిలి ప్రీతికరము.

పిలుపులు ఒకదానితో నొకటి సంబంధము లేక యాదృచ్ఛికముగా వచ్చుననియు, అట్లు వచ్చుటలోనే యొక నియమము గలదనియు 1909లో నిరూపించెను. 1917లో రెండు సూత్రములను ప్రకటించెను. విందునకు వచ్చినవాడు విస్తరి దొరకక వెడలిపోవుట యొకటి; పంక్తి లేచువఱకు అరుగుమీద కూర్చుండుట మఱొకటి. ఈ రెంటికిని వేర్వేఱుగా లెక్క కట్టెను.

మన కార్యాలయమునే చూతము. రద్దీగంటలో ఒక్కొక్కరు 3 నిమిషములు మాటాడినచో మొత్తము 600 నిమిషములు, అనగా 10 గంటల సంభాషణ. ఒక గంటలో 10 గంటల భారము గనుక దీనిని 10 ఎర్లాంగులందురు. ఆ కొలమాన మాతని పేర 1946లో నెలకొనినది. భారము పది గనుక పది తీగలు చాలుననుకొందుము. చాలవు! నూటికి 21 పిలుపులు తిరిగిపోవును. నూటికొకటికి మించి తిరిగిపోరాదనినచో 18 తీగలు వలయును. భారము 100 ఎర్లాంగులైనచో 180 అక్కఱలేదు, 117 చాలును. పది కార్యాలయములు వేర్వేఱుగా తీగలు వేసికొనుటకంటె ఒక్కచోట కలిసికొనుట యెంత పొదుపో చూడుడు.

అయితే ఈ పొదుపులో నొక మెలిక యున్నది. భారము అనుకొన్నదానికంటె పదింట నొకవంతు హెచ్చినదనుకొనుడు. 18 తీగల చిన్న యేర్పాటులో తిరిగిపోవు పిలుపులు నూటికి రెండైనను గావు. 117 తీగల పెద్దయేర్పాటులో మూడు దాటును. బిగువుగా కట్టిన మూటకు పిగులుటయు సులభమే. సామర్థ్యమును మాత్రమే మెచ్చుకొను లెక్కలవారు ఈ సంగతి మఱచుచుందురని నా యభిప్రాయము.

ఎర్లాంగ్ 1929లో మరణించెను. 1986లో స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థలో, టెలిఫోన్ యంత్రములకై పుట్టిన కంప్యూటరు భాష కాతని పేరే వచ్చినది. అందులో ప్రతి పనియు వేర్వేఱు గదిలో నున్నట్లుండును. ఒకటి కూలినచో తక్కినవి చెడవు, కాపరియైన మఱొకటి దానిని తిరిగి లేపును. వాట్సాప్ వారు ఈ భాషనే చేపట్టి, ఒక్కొక్క యంత్రముపై 20 లక్షలకు పైగా సంబంధములు నిలిపితిమని 2012లో తెలిపిరి.

ఎర్లాంగ్ లెక్కకు మూలము, పిలుపులు వేటికవే వచ్చుననుట. అందఱు నొక్కమారుగా వచ్చినచో? 2021 జనవరి 4వ తేదీన అది జరిగినది. కార్యాలయముల సందేశములకు పేర్గాంచిన స్లాక్, నూతనసంవత్సరపు సెలవుల పిమ్మట మొదటి పనిదినముననే చతికిలబడినది. యంత్రముల నడుమనున్న అమెజాన్ మార్గములు ఆ వెల్లువకు తగినంత త్వరగా విస్తరింపలేదు. బదులు రాక వేచియున్న యంత్రములు, పాపము, సోమరులవలె కనబడినవి. స్వయంచాలక వ్యవస్థ వానిలో కొన్నిటిని తొలగించినది! తరువాత తప్పు తెలిసి గుంపులు గుంపులుగా క్రొత్తవానిని చేర్పబోగా, చేర్చెడి యేర్పాటే తన హద్దు తాకి నిలిచిపోయినది. ఆ పిమ్మట స్లాక్ వారు చేసికొన్న నిర్ణయములలో నొకటి, మఱుసటి సెలవులు ముగియకమునుపే ఆ మార్గములను ముందుగా వెడల్పు చేయింపుమని అమెజాన్ వారిని కోరుటకై, పంచాంగమున గుర్తు పెట్టుకొనుట.